అంచు

చీమకుర్తి రోడ్డులో గ్రానైటు లారీ పోయినప్పుడల్లా
మా షెడ్డుకి ఒక తెల్లపూత ఉచితంగా పడుద్ది.
అందుకే కాలేషా భాయి టేపు చుట్టల్ని
స్టీలు క్యారేజీలో పెట్టి మూతేస్తాడు.
కింది గిన్నెలో అరంగుళానివి, పై గిన్నెలో ముప్పావువి.
అన్నం మాత్రం పాలిథిన్ కవర్లో తెచ్చుకుంటాడు.

"చుట్ట పక్కకి దుమ్ము పట్టిందా, దీనమ్మా,
ఇంక ఆ అంచు తిన్నగా కూర్చోదు.
సందు చూసుకుని పాలిష్ దూరుద్ది."

పదకొండేళ్లు చీరలకి ఫాల్ కుట్టిన చేతులు నావి.
అంచు గురించి నాకు చెప్పేదేంది అనుకున్నా.

నల్ల కారు. అద్దాల చుట్టూ రబ్బరు,
తలుపుల కింద గరుకు ప్లాస్టిక్కు.
పాలిష్ తగిలితే తెల్లగా ఎండి బూడిద చారై కూర్చుంటది.
బానెట్టు మడత దగ్గర పెయింటు ఉల్లిపొర,
మిషను చక్రం కాస్త నిలబడితే చాలు, ఇనుము కనపడుద్ది.
కప్పాలి అవన్నీ.
క్యారేజీ ఖాళీ. భాయి జుమ్మాకి పోయాడు.
మలుపులో కొట్టు. పాతిక్కి రెండు.
మిగిలిన డబ్బులు పర్సులో పెట్టి
మురిసిపోతా అంటించా.

మే నెల. ఒంగోలు ఎండ.
అన్నం తినొచ్చి లాగితే
కాగితం నా చేతికొచ్చింది, జిగురు కారు దగ్గరే ఉండిపోయింది.
అక్కడక్కడా టేపు తనంతట తానే లేచి
బస్సులో కునుకు తీసేవాడి లాగా నోరు తెరిచింది.

భాయి వచ్చి చూశాడు. ఏమీ అనలేదు.
కిరసనాయిలు గుడ్డ ఒకటి నాకిచ్చి
ఇంకోటి తీసుకుని అవతలి పక్క కూర్చున్నాడు.
తడి ఎక్కువైతే రబ్బరు ఉబ్బుద్ది.
గోరుతో, గుడ్డతో, గోరుతో,
వీధి లైట్లు వెలిగేదాకా.
మధ్యలో ఒక్క మాట, కారు అవతలి నుంచి:
"నువ్వు ఫాల్ కుట్టేటప్పుడు
రంగు దిగే దారం కొనేదానివా?"

అప్పట్నించి కొట్టుకి నేనే పోతున్నా.
గుర్నాథం శెట్టి గారి గాజు బల్ల మీద జానెడు అంటిస్తా.
బొటనగోటితో రాసి, వంద లెక్కబెట్టి, లాగి, వేలితో తడుముతా.
ఆయన టీ గ్లాసు చుట్టూ తిప్పి చూస్తా,
వంపు దగ్గర ముడత పడకూడదు.
"టేపు కొంటున్నావా, సంబంధం చూస్తున్నావా?" అంటాడు.
రంగుని నమ్మను. పచ్చదాంట్లోనూ దొంగది ఉంది.
పెళుసుది విప్పేటప్పుడే టపటపా తెగుద్ది.
మంచిది కొత్త చీర మడత విప్పినట్టు
ఒకే సన్నటి చప్పుడుతో వస్తది,
పళ్లతో పని లేకుండా చిరుగుద్ది.
నూటపది అన్నాడు. అర్ధరూపాయి తగ్గనన్నాడు.
నాకూ బేరమాడాలనిపించలేదు.

నిన్న రొయ్యల చెరువుల ఆయన బండి తీసుకుపోటానికొచ్చాడు.
టేపు దాని మీదికే వెనక్కి మడిచి
ఏటవాలుగా, మెల్లగా, ఆయన ఎదురుగానే తీశా.
ఆయన పెయింటులో మొహం చూసుకుని, మీసం దిద్దుకుని,
తాళాలు తీసుకున్నాడు.
రబ్బరు వైపు చూడనే లేదు.
భాయి నా వైపు చూశాడు.

తీసిన టేపులన్నీ ఉండ చుట్టి ఇంటికి తీసుకుపోతా.
పెద్ద కారైతే వెలగకాయంత.
గద్దలగుంటలో మా సందు పిల్లలకి అదే క్రికెట్ బంతి.
ఆ మే నెల బంతి
సాల్మను వాళ్ల రేకుల మీద ఇంకా అతుక్కునే ఉంది,
రెండు వానలకీ రాలేదు.
నిన్నటిది రెండు గెంతులు గెంతి
కాలవలో పడి, తేలతా పోయింది.
వెనకాల నలుగురు పిల్లలు, ఒక కుక్క.